లింక్డ్‌ఇన్‌ల 11 వేల కనెక్షన్లున్నయి, ఎంక్వైరీలు వస్తలేవు. ఎట్ల సదురుకోవాలె?

శత్రంజి_హన్మకొండ

కొత్తవాడ నేత సంఘాల దగ్గర దర్రీలు, శత్రంజీలు తీసుకొని హోటళ్లకు, ఇంటీరియర్ డిజైనర్లకు, బయటి దేశాల చిన్న షాపులకు సప్లై చేసే పని మాది. ఆర్డర్లన్నీ ఎగ్జిబిషన్ల మీద, నోటిమాట మీద వచ్చేటివే. లింక్డ్‌ఇన్ ఖాతాల మాత్రం 11,400 కనెక్షన్లున్నయి. కాలేజీ బ్యాచ్‌లు, రిక్రూటర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాటి జనం, ఎవరు రిక్వెస్ట్ పెడితే వాళ్లు. పోస్టు పెడితే స్టూడెంట్ల లైకులు, “కంగ్రాట్స్ బ్రో” కామెంట్లు. కొనేటోళ్లు మాత్రం ఒక్కరు పలుకరు.

ఇంతమందిల పనికొచ్చేటోళ్లను ఎట్ల ఏరాలె? మిగిలినోళ్లను తీసేస్తే ఏమన్న లాభముంటదా? ఒక ఏజెన్సీ ఆయన “లాగిన్ ఇవ్వండి, రోజుకు 200 మందికి మెసేజ్ దానంతటదే పోతది” అంటున్నడు. లింక్డ్‌ఇన్ వాళ్లే పైసలకు ఇచ్చే వెతుకులాట సర్వీసు, సేల్స్ నావిగేటర్, కొనుమని ఇంకొకాయన. అసలు నాలుగైదేండ్ల సంది పలకరించని మనిషికి ఇప్పుడు ఏమని రాయాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

మడికొండ_బ్యాకెండ్

ముందు ఏజెన్సీ ముచ్చట తెంపుకోండి. లాగిన్ ఇయ్యొద్దు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, బ్రౌజర్ నుంచి కుకీ ఒక్కటి కాపీ చేసి పంపండి అన్నా ఇయ్యొద్దు. ఆ కుకీ చేతిల ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండనే మీ ఖాతాల కూసుంటరు. మీ పాత బేరాలు, మీరు చెప్పిన రేట్లు అన్నీ చదువుకుంటరు.

లింక్డ్‌ఇన్ యూజర్ అగ్రిమెంట్ల 8.2 సెక్షన్ చూడండి. బాట్లు, ఆటోమేటిక్ మెసేజ్‌లు, ప్రొఫైళ్ల సమాచారం లాగే ఎక్స్‌టెన్షన్లు పనికిరావని రాసే ఉంటది. దొరికితే ఖాతాను కొన్నాళ్లు ఆపుతరు, గుర్తింపు కార్డు అడుగుతరు. మళ్ల దొరికితే ఖాతానే పోవచ్చు, అప్పుడు 11 వేలమందీ ఒక్కపారి పోతరు. ఇగ ‘రోజుకు 200’ అనుడు కొత్త రిక్వెస్టులకైతే అసలు కుదరదు. రిక్వెస్టులకు వారం హద్దు ఉన్నది. కంపెనీ ఆ అంకె బయటికి చెప్పదు గానీ మామూలు ఖాతాలు వారానికి 100కు అటు ఇటుగ ఆగిపోతుంటయి. పాత రిక్వెస్టులు జవాబు లేకుండ కుప్ప పడి ఉన్నా మంచిది కాదు. మై నెట్‌వర్క్‌ల పంపిన ఇన్విటేషన్ల పేజీకి పోయి వెనక్కి తీసుకోండి. కాకపోతే ఒకసారి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మూడు వారాల దాక మళ్ల పంపనియ్యదు. కావాల్సినోళ్ల పేర్లు చూసుకొని తీయండి.

ఇప్పటికే లాగిన్ ఇచ్చి ఉంటే: సెట్టింగ్స్‌ల ‘సైన్ ఇన్ అండ్ సెక్యూరిటీ’ తెరిచి, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నదో చూసి అన్నీ మూసెయ్యండి. పాస్‌వర్డ్ మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. బ్రౌజర్‌ల వేసుకున్న ఎక్స్‌టెన్షన్ తీసెయ్యడం మర్చిపోతరు, అది కూడ తీయండి.

ఇంకొకటి. విజిబిలిటీ సెట్టింగుల మీ కనెక్షన్ల జాబితా ఎవరికి కనబడాల్నో ఉంటది. దాన్ని ఆఫ్ చేయండి. లేకపోతే మీ కనెక్షన్ అయిన ప్రతి పోటీదారూ మీ కొనుగోలుదార్ల జాబితా తీరిగ్గ చదువుకుంటడు. ఇద్దరికీ ఉమ్మడిగ ఉన్న కనెక్షన్లు మాత్రం ఎట్లయినా కనబడతయి, దాన్ని ఆపలేం.

లెక్కల_పుస్తకం

ఏరే పని లింక్డ్‌ఇన్‌లో కాదు, షీట్‌లో చేయాలి. కనెక్షన్లకు ట్యాగులు, నోట్లు పెట్టుకునే వీలు ఒకప్పుడు ఉండేది, 2017లో మామూలు ఖాతాల నుంచి తీసేశారు. అందుకే పేర్లన్నీ బయటికి తెచ్చుకోక తప్పదు. ఇది ఉచితమే, నిబంధనలకు విరుద్ధమూ కాదు.

కంప్యూటర్ మీద చేయండి. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీకి వెళ్తే ‘గెట్ ఎ కాపీ ఆఫ్ యువర్ డేటా’ ఉంటుంది. మొత్తం ఆర్కైవ్ అడిగితే ఒక రోజు దాకా పట్టొచ్చు, కనెక్షన్లు ఒక్కటే టిక్ పెడితే చాలా త్వరగా మెయిల్‌కు లింకు వస్తుంది. వచ్చేది సీఎస్‌వీ ఫైలు, అంటే షీటుగా తెరుచుకునే పట్టిక. పైన రెండు మూడు వరుసల్లో వాళ్ల గమనిక ఉంటుంది, ముందు అది తీసెయ్యాలి, లేకపోతే శీర్షికలు కాలమ్‌ల మీదికి రావు, ఫిల్టర్ పనిచేయదు. ఎక్సెల్‌లో నేరుగా రెండు క్లిక్కులతో తెరిస్తే జర్మన్, ఫ్రెంచి పేర్లు గజిబిజి అవుతాయి. డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా, యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి. గూగుల్ షీట్స్‌లో ఈ తంటా లేదు.

ఫైలులో ఉండేవి పేరు, ఇంటిపేరు, ప్రొఫైల్ లింకు, ఈమెయిల్, కంపెనీ, హోదా, కలిసిన తేదీ. ఈమెయిల్ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, అవతలి మనిషి అనుమతిస్తేనే అది వస్తుంది. ఫోన్ నంబరు ఉండదు. ఊరు, పరిశ్రమ కూడా ఉండవు, అసలు లోటు అదే. కాబట్టి హోదా కాలమ్ మీదే ఏరాలి.

మీ సరుకుకు పనికొచ్చే మాటలు: ఇంటీరియర్, ఆర్కిటెక్ట్, ప్రొక్యూర్‌మెంట్, పర్చేజ్, సోర్సింగ్, బయ్యర్, మర్చండైజర్, హౌస్‌కీపింగ్, స్టైలిస్ట్, హోమ్ డెకార్. ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే వెతకాలి, ఒక్కో దానికి పొట్టి రూపం కూడా చూడాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వరంగల్, హైదరాబాద్ ఖాతాల్లో ‘ఆర్కిటెక్ట్’ అని వెతికితే వచ్చే జనంలో ఎక్కువమంది ఇళ్లు కట్టేవాళ్లు కారు. సొల్యూషన్ ఆర్కిటెక్ట్, క్లౌడ్ ఆర్కిటెక్ట్, డేటా ఆర్కిటెక్ట్, అందరూ ఐటీ వాళ్లే. ‘డిజైనర్’ అంటే యాప్‌ల రూపం చూసే యూఎక్స్ వాళ్లు, చిప్‌లు డిజైన్ చేసే వీఎల్‌ఎస్‌ఐ వాళ్లు వస్తారు. ‘సోర్సింగ్’ అంటే సగం టాలెంట్ సోర్సింగ్, అంటే రిక్రూటర్లే. ‘బయ్యర్’ అంటే ప్రకటనలు కొనే మీడియా బయ్యర్ కూడా వస్తాడు. అందుకని రెండు జాబితాలు పెట్టుకోండి: ఉండాల్సిన మాటలు ఒకటి, ఉంటే తీసెయ్యాల్సిన మాటలు ఇంకొకటి. రెండో జాబితా పని ఎక్కువ చేస్తుంది.

హోదాలో ‘ఫౌండర్’ అనో ‘డైరెక్టర్’ అనో మాత్రమే రాసుకున్నవాళ్లు ఈ జల్లెడలో దొరకరు. వాళ్లకు కంపెనీ కాలమ్ మీద స్టూడియో, డిజైన్స్, ఇంటీరియర్స్, హోటల్స్, రిసార్ట్స్, లివింగ్, హోమ్, రగ్స్ అని ఇంకో వడపోత పెట్టాలి. చిన్న బొటిక్ యజమానులు, సొంత స్టూడియో ఉన్న డిజైనర్లు అక్కడే ఉంటారు. వెంటనే సరే అనగలిగేదీ వాళ్లే.

మిగిలినవాళ్ల ప్రొఫైళ్లు ఒక్కొక్కటి తెరిచి ఊరు, పని చూసి మూడు తరగతులు చేయండి. ఆర్డరు మీద సంతకం పెట్టేవాళ్లు లేదా ఏ సరుకు వాడాలో రాసిచ్చేవాళ్లు ‘ఏ’. అలాంటివాళ్లకు మిమ్మల్ని పరిచయం చేయగలిగేవాళ్లు ‘బి’. మిగతా అంతా ‘సి’, వాళ్ల జోలికి పోవద్దు. ‘ఏ’ తరగతి 200 దాటకుండా చూసుకోండి. ఒక్క మనిషి సరుకు పని చూసుకుంటూ మర్యాదగా వెంట ఉండగలిగేది అంతే.

ఇక అదనంగా కావాల్సిన కాలమ్‌లు నాలుగే: చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, ఏం అనుకున్నాం, ఏ దశలో ఉంది, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. నాలుగో దాంట్లో తేదీ లేని వరుస ‘ఏ’లో ఉండకూడదు. పొద్దున్నే ఆ కాలమ్‌ను ఇవాళ్టి తేదీ, అంతకు ముందువి అని ఫిల్టర్ చేస్తే ఆ రోజు పని అదే. పది మందికి మించి రాదు, రానివ్వకూడదు కూడా.

మూడు నెలలకోసారి మళ్లీ కొత్త ఫైలు దించుకోండి. పాత షీటుతో ప్రొఫైల్ లింకు ఆధారంగా ఎక్స్‌లుకప్ (రెండు షీట్లను పోల్చే ఫార్ములా) పెట్టి, కంపెనీ గానీ హోదా గానీ మారినవాళ్లను విడిగా తీయండి. పేరుతో పోల్చవద్దు, ఒకే పేరు గలవాళ్లు మన దగ్గర కుప్పలు. కొత్త కుర్చీలో కూర్చున్న పర్చేజ్ మేనేజర్ పాత సప్లయర్లను తిరగేసి చూస్తాడు, కొత్తవాళ్లతో మాట్లాడటానికి ఒప్పుకునేది ఆ మొదటి నెలల్లోనే. అభినందనలు చెప్పి మాట కలపడానికి సాకు కూడా దొరుకుతుంది. నా లెక్కలో ఈ ఒక్క వడపోత మిగతా అన్నిటికన్నా విలువైంది.

ప్లాన్_సెక్షన్

పై జాబితాలో ఒక సవరణ. నడుస్తున్న హోటల్‌లో పర్చేజ్ మేనేజర్ దర్రీలు కొనడు. అతను కొనేది సబ్బులు, దుప్పట్లు, కూరగాయలు. కొత్త హోటల్ కట్టేటప్పుడో, పాతది కొత్తగా చేసేటప్పుడో రగ్గులు, కర్టెన్లు, ఫర్నిచర్ ఏవి అన్నది ఇంటీరియర్ సంస్థ రాస్తుంది, యజమాని తరఫు ప్రాజెక్ట్ మేనేజర్ గానీ, ఆ పని చేసే ప్రొక్యూర్‌మెంట్ సంస్థ గానీ కొంటుంది. ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్ చేతిలో ఉండేది చిరిగినవి మార్చే చిన్న ఆర్డర్లే. అది చెడ్డ ఆర్డరేం కాదు, ఏటా వస్తుంది. కానీ ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపితే ఇద్దరూ జవాబివ్వరు.

ఇంటీరియర్ సంస్థలో కూడా ప్రిన్సిపల్ పేరు చూసి మురిసిపోవద్దు. సప్లయర్ల శాంపిళ్లు దాచేది, స్పెసిఫికేషన్ షీటులో పేరు ఎక్కించేది ప్రాజెక్ట్ డిజైనరో, మెటీరియల్ లైబ్రరీ చూసేవాళ్లో. హోదాలో ‘అసోసియేట్’, ‘సీనియర్ డిజైనర్’ అని ఉంటుంది. లెక్కల_పుస్తకం గారి వడపోతలో వీళ్లు జారిపోతారు, కంపెనీ పేరుతో పట్టుకోండి.

డిజైనర్‌కు కావాల్సినవి: నేత ఎంత మందం, చదరపు మీటరుకు ఎంత బరువు, ఎంత వెడల్పు వరకు అతుకు లేకుండా నేస్తారు, ఇచ్చిన రంగుకు అద్దకం చేయగలరా, ఎన్ని వారాలు పడుతుంది, వెనక జారకుండా ఏం వేస్తారు, ఉతకొచ్చా లేక డ్రై క్లీనింగా. హోటల్ పనికైతే అగ్ని పరీక్ష రిపోర్టు అడుగుతారు. నూలు సరుకుకు అది లేకపోతే కారిడార్లు, లాబీల సంగతి మర్చిపోయి గదుల్లో మంచం పక్కన వేసే రగ్గుల మీద దృష్టి పెట్టండి. ఇవన్నీ ఒక్క పేజీలో ఉండాలి. నలభై పేజీల క్యాటలాగ్ ఎవరూ తెరవరు.

‘బి’ తరగతి పెంచుకోవాలంటే లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీకి వెళ్లి ‘అలమ్నై’ ట్యాబ్ నొక్కండి. ఎక్కడ ఉంటారు, ఏ సంస్థలో, ఏ పని అని ఉచితంగా వడపోసుకోవచ్చు. మీ విషయంలో చూడాల్సింది మాసబ్ ట్యాంక్ దగ్గరి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ పేజీ, హైదరాబాద్ ఆర్కిటెక్టుల్లో చాలామంది అక్కడి వాళ్లే. నిట్ వరంగల్ పేజీలో రియల్ ఎస్టేట్, నిర్మాణ సంస్థల్లో ఉన్న సివిల్ వాళ్లను చూడండి. వాళ్లు దర్రీలు కొనరు, ఇంటీరియర్ పని ఏ సంస్థకు ఇచ్చారో చెప్పగలరు. ఊరి పేరు చెబితే జవాబు రావడం సులువు.

రాయిబేరం_కరీంనగర్

కనెక్షన్లను తీసుడు గురించి ఎవరూ చెప్పలే. తీయకుండ్రి. హద్దు 30,000, మీరు దాని దగ్గరికి కూడ పోలే. ఒకేసారి వందమందిని తీసే బటన్ లేదు, ఒక్కొక్కరి పక్కన మూడు చుక్కలు నొక్కుకుంట పోవాలె, 10 వేల సార్లు. తీసినట్టు వాళ్లకు నోటీసు పోదు గానీ, వాళ్లు మీకిచ్చిన ఎండార్స్‌మెంట్లు, రికమెండేషన్లు పోతయి, మళ్ల కలిసినా తిరిగి రావు. ఫీడ్ చెత్తగ ఉందంటే అన్‌ఫాలో కొట్టుండ్రి, కనెక్షన్ ఉంటది, వాళ్ల పోస్టులు రావు. తీసెయ్యాల్సింది నకిలీ ప్రొఫైళ్లను, మీ సరుకు ఫొటోలు దొంగిలించేటోళ్లను, అంతే.

ఇగ సేల్స్ నావిగేటర్. షీటుల దొరకని ఊరు, పరిశ్రమ, కంపెనీ సైజు వడపోతలు అండ్ల ఉంటయి. ‘మొదటి డిగ్రీ కనెక్షన్లు’ (నేరుగ మీతోని కలిసినోళ్లు) అని పెట్టి, జాగ బెంగళూరు, పరిశ్రమ ఆర్కిటెక్చర్ అంటే నిమిషంల జాబితా. గడిచిన 90 రోజుల్ల ఉద్యోగం మారినోళ్లు అనే వడపోత కూడ ఉంది. ఒక వెతుకులాటకు 2,500 దాకనే చూపిస్తది, అందుకని ముక్కలు ముక్కలుగ వెతకాలె. సీఎస్‌వీగ దించుకోనియ్యదు. నెలకు 50 ఇన్‌మెయిళ్లు (కనెక్షన్ కానోళ్లకు రాసే మెసేజ్‌లు) ఇస్తరు, 90 రోజుల్ల జవాబొస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తది. కానీ మీకు ఉన్నోళ్లే 11 వేలు, వాళ్లకు రాయనీకి ఇన్‌మెయిల్ అక్కర్లేదు. కాబట్టి ఏడాదికి కొనకుండ్రి. ముందు షీటు పని, మాటల జాబితా తయారు చేసుకొని, అప్పుడు నెల రోజుల ట్రయల్ మొదలుపెట్టుండ్రి. కార్డు అడుగుతది, ముగిసే తేదీకి రెండు రోజుల ముందు అలారం పెట్టుకోవాలె. ఆ నెలల దొరికిన పేర్లు, ఊర్లు ఎప్పటికప్పుడు మీ షీటుల ఎక్కించుకోవాలె. ట్రయల్ అయిపోయినంక అండ్ల పెట్టుకున్న లిస్టులు చేతికి రావు.

ట్రయల్ లేకున్నా ఉచిత సెర్చ్‌ల మొదటి డిగ్రీ, ఊరు, కంపెనీ వడపోతలున్నయి. కోట్ మార్కులు, ఓఆర్, నాట్, బ్రాకెట్లు పనిచేస్తయి, ఓఆర్, నాట్ పెద్ద అక్షరాల్ల రాయాలె. ఎక్కువ వెతికితే ‘కమర్షియల్ యూజ్ లిమిట్’ అని ఆపుతది, మళ్ల ఒకటో తారీఖుకు తెరుసుకుంటది. పేరు కొట్టి వెతికేది, మీ కనెక్షన్ల పేజీల చూసేది ఈ లెక్కలకు రాదు.

శత్రంజి_హన్మకొండ

ఫైలు దించిన. లెక్కల_పుస్తకం గారన్నది నిజమే. ‘ఆర్కిటెక్ట్’ అంటే 870 వచ్చినయి, ఐటీ మాటలు తీసేస్తే 41 మిగిలింది. కంపెనీ పేరుతో ఇంకో 120 దాక దొరికిండ్రు. అన్నీ కలిపితే ‘ఏ’ల 190 అయితున్నరు. అంటే 11 వేలల్ల అసలు పనికొచ్చేది గింతేనా? సరే. ఇప్పుడు వీళ్లకు ఏమని రాయాలె? కొందరిని ఎప్పుడు కలుపుకున్ననో కూడ యాదికి లేదు. ఫైలుల ఈమెయిల్ ఉన్నోళ్లకు ఒకేసారి క్యాటలాగ్ పంపొచ్చా?

లెక్కల_పుస్తకం

190 అంటే చాలా మంచి అంకె. తక్కువని బాధపడకండి.

మెయిళ్లు మూకుమ్మడిగా వద్దు. లింక్డ్‌ఇన్‌లో కలిసినంత మాత్రాన మెయిల్ పంపమని చెప్పినట్టు కాదు. కొందరు స్పామ్ అని నొక్కినా ఆ మచ్చ మీ డొమైన్‌కు అంటుకుంటుంది, తర్వాత అసలు కొటేషన్ పంపినా అది స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది. వాళ్లను అడగకుండా వాట్సాప్ గ్రూపులో కలపడం అంతకన్నా చెడ్డది, రిపోర్టులు ఎక్కువైతే నంబరే ఆగిపోతుంది. మాట కుదిరి, వాళ్లే నంబరు ఇచ్చాక వాట్సాప్ బిజినెస్‌కు మార్చుకోండి. అందులో లేబుళ్లు 20 దాకా పెట్టుకోవచ్చు, ‘శాంపిల్ పంపాం’, ‘కొటేషన్ ఇచ్చాం’, ‘అడ్వాన్స్ వచ్చింది’ అని షీటులోని దశల పేర్లే అక్కడా వాడండి. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది, మిగతావాళ్లకు పోయిందనుకుని ఎదురుచూడొద్దు.

లింక్డ్‌ఇన్ మెసేజ్‌కు నాలుగు వాక్యాలు చాలు. వాళ్ల పనిలో మీరు చూసిన ఒక నిర్దిష్టమైన విషయం, మీ దగ్గర దానికి సరిపోయేది ఏమిటి, ఒక కొలతో గడువో, చివర అవును కాదు అని చెప్పగలిగే ఒకే ప్రశ్న. ఉదాహరణకు:

“నమస్తే అండీ. మీ కోకాపేట ఫ్లాట్ ప్రాజెక్టు ఫొటోల్లో డైనింగ్ కింద వేసిన ఫ్లాట్‌వీవ్ రగ్గు చూశాను. అలాంటి నూలు దర్రీలు వరంగల్ కొత్తవాడలో చేతిమగ్గం మీద నేయించి ఇస్తాం, మీరిచ్చిన రంగుకు అద్దకం చేసి. 6×9 అడుగుల వరకు కొలత ప్రకారం చేయగలం. ఒక పేజీ వివరాల షీటు, అడుగు ముక్క శాంపిల్ పంపమంటారా?”

కొలత మీ సంఘం నేయగలిగేదే రాయండి, ఇది నమూనా మాత్రమే. మొదటి మెసేజ్‌లో పీడీఎఫ్ వద్దు, లింకు వద్దు, “చాలా రోజులైంది” అన్న సంజాయిషీ వద్దు, ధర వద్దు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అది కూడా కొత్త విషయంతో, కొత్త రంగుల ఫొటో లాంటిది. అప్పటికీ పలకకపోతే మూడు నెలల తర్వాతి తేదీ వేసి వదిలెయ్యండి. వరుసగా నాలుగుసార్లు “జస్ట్ ఫాలోయింగ్ అప్” అని పెడితే మ్యూట్ చేస్తారు, అది మీకు తెలియను కూడా తెలియదు.

కొత్తవాళ్లకు రిక్వెస్ట్ పెట్టేటప్పుడు నోట్ రాయాలా అని అడుగుతుంటారు. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే ఇస్తారు. వాటిని పరిచయం అక్కర్లేనివాళ్ల మీద ఖర్చు పెట్టొద్దు, ఉత్త రిక్వెస్ట్ పెట్టి ఒప్పుకున్నాక రాయండి.

‘బి’ వాళ్లను పరిచయం చేయమన్నప్పుడు వాళ్లకు రాసే పని పెట్టొద్దు. అవతలి మనిషికి యథాతథంగా పంపగలిగే మూడు వాక్యాలు మీరే రాసివ్వండి.

ప్లాన్_సెక్షన్

మెసేజ్ అందగానే డిజైనర్ చేసే మొదటి పని మీ ప్రొఫైల్ తెరవడం. అక్కడ ‘ఎక్స్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఫౌండర్, డ్రీమర్’ అని ఉంటే కథ ముగిసింది. హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు ఇస్తారు, కానీ మెసేజ్ పక్కన కనబడేది మొదటి ముక్కే. అందుకని సరుకు పేరు ముందు రావాలి: ‘వరంగల్ చేనేత దర్రీలు, ఇంటీరియర్ ప్రాజెక్టులకు కొలత ప్రకారం’. మీ పదవి తర్వాత. ప్రొఫైల్‌లోని ‘ఫీచర్డ్’ భాగంలో ఆ ఒక పేజీ షీటు, గదిలో వేసి తీసిన ఫొటో ఒకటి, దగ్గరగా నేత కనబడే ఫొటో ఒకటి. మగ్గం దగ్గర నవ్వుతూ నిలబడ్డ ఫొటోలు అందరూ పెడతారు, వాటిని చూసి ఎవరూ స్పెసిఫికేషన్ రాయరు.

వరంగల్ దర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు 2018లో వచ్చింది. అయితే ఆ ట్యాగ్ వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. మీరు తీసుకునే సంఘానికి నమోదు ఉంటే కాగితం అడిగి తీసుకుని ప్రొఫైల్‌లో రాయండి. లేకపోతే రాయొద్దు, పెద్ద క్లయింట్లు ఆ కాగితం అడుగుతారు.

రాయిబేరం_కరీంనగర్

బయటి దేశాలోళ్ల కోసం రెండు మాటలు. యూరప్‌కు మెసేజ్ పొద్దుగాల పెడితే వాళ్లు లేచేసరికి కిందికి పోతది. జర్మనీల తొమ్మిదంటే మనకు ఎండాకాలంల పగలు పన్నెండున్నర, చలికాలంల ఒకటిన్నర. ఆ టైముకు, మంగళవారం నుంచి గురువారం లోపల పెట్టుండ్రి. ఆగస్టుల సగం ఆఫీసులు సెలవుల ఉంటయి, సెప్టెంబరుకు తేదీ వేసుకోవాలె. షీటుల దేశం అని ఇంకో కాలమ్ పెట్టుండ్రి, లేకుంటే ఇవన్నీ యాది మరుస్తరు.

ఎంక్వైరీ వచ్చిందని సంబురపడే ముందు అడగాల్సినయి: కొలత, ఎన్ని పీసులు, ఏ తారీఖుకు, రవాణా ఎవరి ఖర్చు, ముందు ఎవరి దగ్గర కొన్నరు. యూరప్ అయితే రంగుల టెస్ట్ రిపోర్టు అడుగుతరు. రసాయనాల మీద అక్కడున్న రీచ్ నిబంధనల కింద అజో రంగుల నుంచి వచ్చే నిషేధిత అమీన్లు కిలోకు 30 మిల్లీగ్రాములు దాటొద్దు. అద్దకం ఎవరు చేస్తున్నరు, ఏ రంగులు వాడుతున్నరు అన్నది ముందే రాయించుకోవాలె. ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతి చేసేటోళ్లకు సర్కారు ఇచ్చే కోడ్) లేకుంటే ఎగుమతి ముచ్చటే ఎత్తకుండ్రి. ఇయ్యన్నీ లేకుండ లీడ్ వచ్చినా అది మీది కాదు, పక్కోనికి పోతది.

ఇగ మగ్గాల సంగతి. 190 మందికి ఒక్కసారి రాస్తే పదిమంది శాంపిల్ అడిగినా నెల రోజుల దాక మీరు ఊపిరి పీల్చుకోలేరు. వారానికి 25 మందికి రాయుండ్రి. సంఘం నెలకు ఎంత నేస్తదో కాయిదం మీద పెట్టుకొని, దానికి మించి గడువు చెప్పకుండ్రి.

శత్రంజి_హన్మకొండ

పోయిన వారం 25 మందికి పెట్టిన. 6 జవాబులు. ఇద్దరు శాంపిల్ అడిగిండ్రు, ఒకరు వేరే డిజైనర్ పేరు చెప్పిండ్రు. ముగ్గురు మాత్రం “ప్రైస్ లిస్ట్ పంపండి” అని ఒక్క ముక్క రాసి ఊకున్నరు. లిస్టు మొత్తం పంపాల్నా?

రాయిబేరం_కరీంనగర్

మొత్తం పంపకుండ్రి. లిస్టు అడిగేటోళ్లల్ల చానమంది వేరే సప్లయర్‌తోని బేరానికి పక్కన పెట్టుకునేటోళ్లే. అట్లని చెప్పనంటే కూడ పోతరు. రెండు రకాల నేతకు చదరపు అడుగు ధర చెప్పుండ్రి, ఒకటి మామూలుది, ఒకటి మంచిది. వరంగల్ గోదాము ధర, జీఎస్టీ, రవాణా వేరే, ఎన్ని చదరపు అడుగులకు తక్కువైతే ఈ ధర వర్తించదు, 30 రోజుల దాక చెల్లుబాటు, ఇవి ఒకే మెసేజ్‌ల రాసి, కింద “ఏ గదికి, ఏ కొలత కావాలె?” అని అడుగుండ్రి. కొలత చెప్పినోళ్లకు కొటేషన్ చేయుండ్రి. చెప్పనోళ్లకు షీటుల మూడు నెలల అవతలి తేదీ.

లెక్కల_పుస్తకం

ఆ “వేరే డిజైనర్ పేరు చెప్పినవాళ్ల”కు ఇవాళే ఒక ధన్యవాదం రాయండి, వాళ్లను ‘ఏ’ నుంచి ‘బి’కి మార్చండి. పని కుదిరినా కుదరకపోయినా ఏమైందో వాళ్లకు చెప్పడానికి ఒక తేదీ వేసుకోండి.